గుండీల కొట్టాయన కంప్యూటర్

కొట్టుకి సెలవైన ఆ రోజు పొద్దున అతని దగ్గర ఉన్నవి మూడే: ఒక స్క్రూడ్రైవరు, ఖాళీ అయిన తొమ్మిది అట్టపెట్టెలు, అక్కకిచ్చిన మాట. మొదటి రెండూ ఎక్కడైనా దొరుకుతాయి. మూడోది పోతే మళ్ళీ తెచ్చుకునే అంగడి ఎక్కడా లేదని అతనికి తెలుసు.

బజారులో అందరూ అతన్ని గుండీల కొట్టాయన అంటారు. ముప్పై కూడా నిండలేదు గానీ, 'ఆయన' అనిపించుకోవలసినంత గట్టి బేరగాడు. ఏ సరుకైనా చేతిలోకి తీసుకోగానే ఎంత చేస్తుందో చెప్పేస్తాడు. మనిషి ఎంత చేస్తుందో మాత్రం అక్కని చూసి నేర్చుకున్నాడు. నాన్న పోయిన ఏడాది ఆమెకి పద్దెనిమిది. తమ్ముడి చదువు ఆగకూడదని తన చదువు ఆపుకుని కొట్లో కూర్చుంది. రెండేళ్ళ కిందట పై అరలోంచి దారపుండల పెట్టె దించబోయి నిచ్చెన మీంచి పడింది. అప్పటినుంచీ మోకాలు వంగదు, రెండో అంతస్తులో ఉన్న ఇంటి మెట్లు దిగలేదు.

అయినా ఊరికే కూర్చోలేదు. స్నేహితురాలి పాత లాప్‌టాప్ మీద ఇళ్ళ నమూనాలు గీయడం నేర్చుకుంది. అందులో గోడ గీసి టీ తాగొస్తే గానీ కిటికీ కనిపించేది కాదు. కిందటి నెల అది కూడా కన్నుమూసింది. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ వాళ్ళు పిలిచారు. ఈరోజు నాలుగింటికి కంప్యూటర్‌లోనే పరీక్ష. నచ్చితే ఇంటినుంచే ఉద్యోగం.

"కంప్యూటర్ సంగతి నాకొదిలెయ్యక్కా. నా చేత్తో బిగించి పెడతాను," అన్నాడు తమ్ముడు.

పదకొండింటికి బిగించడం పూర్తిచేసి స్విచ్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. లోపల దీపాలు వెలిగాయి. మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయింది.

"స్క్రీన్ భలే ఉందిరా," అంది అక్క. "నా మొహం స్పష్టంగా కనిపిస్తోంది."

ఆపాడు, మళ్ళీ నొక్కాడు. అలా నాలుగుసార్లు. తర్వాత తల గోక్కుంటూ బిల్లు వెతికాడు. దాని వెనక ఒక ఫోన్ నంబరుంది. సామాన్లు కొన్న దుకాణంలో రిపేర్లు చేసే అమ్మాయి రాసిచ్చిన నంబరు.

ఆ రోజు ఆమెతో పెద్ద గొడవే అయింది. "మేమే బిగించి ఇస్తాం," అందామె. "నాలుగు స్క్రూలకి మీరెందుకండీ? ఇది రోజుకి వెయ్యి గుండీలు ఏరే చెయ్యి," అన్నాడితను. "ఏరే చెయ్యి వేరు, బిగించే చెయ్యి వేరు," అని ఆమె నంబరు రాసి చేతిలో పెట్టింది. "స్క్రీన్ నల్లగా వస్తే చెయ్యండి." "రాదు," అని ఆ నంబరు వంక చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు చూస్తే దస్తూరీ ఎంత పొందికగా ఉందో!

"హలో, నేను గుండీల..."

"తెలుసండీ. మౌస్ కోసం గంటసేపు బేరమాడిన మనిషిని ఎలా మర్చిపోతాం? నల్లగా వచ్చిందా?"

"కొంచెం."

"నలుపులో కొంచెమేమిటండీ? సరే, మానిటర్‌కి కరెంటుందా?"

"ఉంది. దాని దీపం వెలుగుతోంది."

"కంప్యూటర్ ఆపి, ర్యామ్ తీసి మళ్ళీ పెట్టండి. రెండు వైపులా టక్కుమనాలి."

టక్కుమంది. మళ్ళీ ఆన్ చేశాడు. నలుపు నలుపే.

"కీబోర్డ్‌లో నమ్‌లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతోందా?"

"ఆరుతోంది. చచ్చిపోతోందా?"

"మీ నోట మంచిమాట రాదా? బతికే ఉందండీ! లోపలంతా బాగానే ఉంది. అది చెప్పేది మనకి చేరట్లేదు, అంతే. ఈరోజు దుకాణంలో తీరిక లేదు, రేపు పట్టుకు రండి."

అతను వరండాలోకి నడిచి గొంతు తగ్గించాడు. అక్క సంగతి, నాలుగింటి సంగతి చెప్పాడు. సాయం అడగడం అలవాటు లేని మనిషికి మాటలు తడబడ్డాయి. "మీరొకసారి రాగలరా?" అన్నాడు చివరికి. ఎంతవుతుందని అడగలేదు. ఊహ తెలిశాక అది మొదటిసారి.

అవతల కాగితం, పెన్ను వెతుకుతున్న చప్పుడు.

"అడ్రస్ చెప్పండి."

ఒంటిగంటకి వాన మొదలైంది. వానతో పాటే ఆమె కూడా వచ్చింది, గొడుగు మూస్తూ, ముంగురుల మీది నీళ్ళు విదిలిస్తూ. అందులో నాలుగు చుక్కలు అతని చొక్కా మీద పడ్డాయి. తుడుచుకోవాలని అతనికి అనిపించలేదు.

గది గుమ్మంలోనే ఆగి ఆమె ఇల్లంతా కలియజూసింది. సోఫా మీద ప్లాస్టిక్. ఫ్రిజ్ తలుపు మీద ప్లాస్టిక్. గడియారం అద్దం మీద కూడా కంపెనీ వాడు అంటించిన పల్చటి కాగితం.

"ఇవన్నీ నిన్ననే కొన్నారా?"

"ఫ్రిజ్ కొని ఆరేళ్ళమ్మా," అంది అక్క. "మావాడికి కొత్త సరుకు కొత్తగానే ఉండాలి. పొర తీస్తే సెకండ్‌హ్యాండ్ అయిపోతుందట!"

ఆ మాట వినగానే ఆమె కళ్ళు మెరిశాయి. నేరుగా కంప్యూటర్ వెనక్కి వెళ్ళి, టార్చ్ వేసి, పకపకా నవ్వింది.

"గుండీల గారూ, ఇలా రండి. ఈ గ్రాఫిక్స్ కార్డుకి నల్ల మూతలున్నాయి, చూశారా? ఎందుకు తియ్యలేదు?"

"కొత్తది కదండీ. దుమ్ము పట్టకుండా కంపెనీ వాళ్ళే పెట్టారు. పైన మదర్‌బోర్డ్‌కి మూత లేని రంధ్రం ఒకటుంది, మానిటర్ వైరు అందులో పట్టింది. అందుకని..."

"మీరు కొన్న ప్రాసెసర్ సొంతంగా బొమ్మ చూపించలేదు. బొమ్మంతా ఈ కార్డులోంచే రావాలి. పాట పాడేవాడి నోరు మూసి, పక్కన కూర్చున్నవాణ్ణి పాడమంటున్నారు మీరు. తియ్యండి."

"మీరు తియ్యండి."

"ఊహూ. మీరే తియ్యాలి."

అతను ఒక మూత లాగాడు. పన్ను పీకించుకుంటున్నంత బాధగా మొహం పెట్టాడు. వైరు అందులోకి మార్చాడు. ఆమె స్విచ్ నొక్కింది. ఒక్క క్షణం నలుపు. ఆ వెంటనే తెల్లటి అక్షరాలు.

అక్క చప్పట్లు కొట్టింది. అతను లాగిన మూతని భద్రంగా జేబులో వేసుకున్నాడు.

"అప్పుడే కాదు," అందామె పెన్‌డ్రైవ్ తీస్తూ. "ఇంకా విండోస్ ఎక్కించాలి, తర్వాత అక్కగారి డ్రాయింగ్ ప్రోగ్రామ్." దుకాణానికి ఫోన్ చేసి పూట సెలవడిగింది. అట్నుంచి గట్టిగానే తిట్లు వినిపించాయి. ఆమె ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకుని, అవి అయ్యాక "థాంక్యూ సార్" అని పెట్టేసింది.

మూడు ముప్పావుకి అంతా సిద్ధమైంది. నాలుగింటికి అక్క తలుపు దగ్గరగా వేసుకుంది. మిగిలిన ఇద్దరూ బయట చూరు కింద మెట్ల మీద కూర్చున్నారు. వాన సన్నగా కురుస్తోంది.

లోపలినుంచి అక్క గొంతు ధీమాగా వినపడుతోంది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! అతను చాలాసేపు విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మీకెంతివ్వాలండీ?"

ఆమె మొహం వాడిపోయింది. "బిల్లు వెయ్యడానికి వచ్చాననుకున్నారా? మీకు ప్రతిదీ తూకమేనా?" అని లేచి, నాలుగు మెట్లు దిగి వానలోకి గొడుగు తెరిచింది.

"ఆగండి. ఇచ్చేయడానికి అడగలేదు."

"మరి?"

"ఎంత రుణపడ్డానో తెలిస్తే... తీర్చకుండా ఉంచుకుందామని." అతను నేల చూపులు చూశాడు. "తీరిపోతే మీరు మళ్ళీ రారు కదా."

గొడుగు మీద చినుకులు టపటపమన్నాయి. ఆమె కదల్లేదు.

"ఇంత చక్కగా మాట్లాడటం వచ్చి, మౌస్ కోసం గంటసేపు నా ప్రాణం తీశారేం?"

"అప్పుడు మాట్లాడింది వ్యాపారి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు మాట్లాడేవాడికి మీరంటే చాలా ఇష్టం. పొద్దుటినుంచీ అని చెప్తే అబద్ధం. మౌస్ బేరం అరగంటలోనే తెగింది. మిగతా అరగంట ఊరికే సాగదీశాను."

ఆమె గొడుగు మూసి, మళ్ళీ వచ్చి అదే మెట్టు మీద కూర్చుంది. ఈసారి ఇంకాస్త దగ్గరగా.

తలుపు తెరుచుకుంది. అక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది, కళ్ళనిండా నీళ్ళు. "సోమవారం నుంచి రమ్మన్నారురా! రమ్మనడమంటే... ఇక్కడే, ఈ కుర్చీలోనే!" తమ్ముడి తల నిమిరింది. తర్వాత ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. "నా మోకాలు పోయినప్పుడు కూడా ఏడవలేదమ్మా. ఈరోజు నీవల్ల ఏడుస్తున్నాను. వచ్చే సెలవు రోజు భోజనానికి రావాలి. మా ఇంట్లో ఏదీ పాడవక్కర్లేదు, ఊరికే రా."

"వస్తానక్కా," అందామె. చూపు మాత్రం తమ్ముడి వైపుంది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా అతను మెట్ల మీదే నిలబడ్డాడు. ఆ రోజు చేతికొచ్చింది ఏమిటా అని చూసుకున్నాడు. అక్కకి ఉద్యోగం. పదకొండేళ్ళ కిందట ఆమె తనకోసం వదులుకున్నదానిలో పిసరంత తిరిగి ఆమె చేతికి చేరడం. తనకి, వచ్చే సెలవు రోజు మధ్యాహ్నం. దేనికీ అతను బేరమాడలేదు. ఆడి ఉంటే, తనకి తెలిసిన ఏ లెక్కలోనైనా ఇందులో సగం కూడా అడిగేవాడు కాదు.