గుండీల దొంగకి కొట్టిన ఊ

"ఇవన్నీ పీకేయండి."

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట అది. చిత్రిక పట్టి, పాలిష్ కొట్టి, అద్దాల తలుపులు బిగించి, ఒక్కో తలుపుకి ఇత్తడి తాళం పెట్టి, ఎంత మెచ్చుకుంటుందో అని ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డ నాతో!

"పీకేయడమా? మేడం, ఇది టేకు."

"టేకైతే ఏంటండీ, గంధం చెక్కైతే ఏంటి? పిల్లల పుస్తకాలకి తాళం ఎందుకు? ఇదేమన్నా బంగారం కొట్టా?"

"పిల్లలు చింపేస్తారని..."

"చింపనివ్వండి. చిరిగితే అతికిస్తాను. ఎవరూ ముట్టుకోని పుస్తకాన్ని ఏం పెట్టి అతికించమంటారు?"

లైబ్రరీలో పిల్లల గది మొత్తం ఆ అమ్మాయిదే. అక్కడికి వచ్చే పిల్లలందరికీ ఆమె పుస్తకాలక్క. నేను వడ్రంగిని, అరలు చేయడానికి వచ్చినవాణ్ణి. ఉద్యోగం ఆమెది, ఉలి నాది, కోపం ఇద్దరిదీ.

"మోకాళ్ళ మీద కూర్చోండి," అంది.

"నేనా?"

"మీరే. కూర్చుని ఆ పై అరలో పుస్తకం ఒకటి తీయండి చూద్దాం."

కూర్చున్నాను. చెయ్యి చాచాను. అందలేదు. సినిమాల్లో హీరో మూడు పాటలు పాడాక చేసే పని, నేను పరిచయమైన కాసేపటికే చేశాను. అదీ చేతిలో స్క్రూడ్రైవర్‌తో.

"చూశారా? చిన్నపిల్లలకి మీ టేకు బీరువా ఇలా కనబడుతుంది," అని నవ్వింది.

ఆ నవ్వే లేకపోతే నేను ఆ రోజే సామాను సర్దుకుని వెళ్ళిపోయేవాణ్ణి. ఒట్టు.

తాళాలు పోయాయి, అద్దాలు పోయాయి, అరలు నేల దాకా దిగాయి. పుస్తకాల అట్టలు ఎదురుగా కనబడాలంది, జారకుండా ముందు సన్నటి పట్టీ కొట్టమంది. పని మళ్ళీ మొదటికొచ్చిందని నేనేమీ బాధపడలేదు. గంటలో అయ్యే పనికి పూట పట్టేలా జాగ్రత్తపడ్డాను. అవతల ఆమె పిల్లలకి కథ చదువుతుంటే సుత్తి చప్పుడు చేయకూడదు కదా మరి! అలా సుత్తి పక్కన పెట్టి నేనూ వినేవాణ్ణి. ఒక చిట్టి పిల్ల ఉండేది, మాటకి మాట అప్పజెప్పే రకం, అందరూ మిరపకాయ అని పిలిచేవారు. అది నన్ను అంకుల్ అన్నప్పుడల్లా పుస్తకాలక్క పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకునేది. ఇంకా పెళ్ళికాని వాణ్ణి, నాకెంత కష్టంగా ఉంటుందో చెప్పండి.

ఒక మధ్యాహ్నం జోరుగా వాన పట్టుకుంది. పిల్లలు ఒక్కరూ రాలేదు. కిటికీ దగ్గర ఆమె, గుమ్మం దగ్గర నేను.

"పిల్లలు పుస్తకం ముట్టుకోవట్లేదని పెద్దవాళ్ళు వచ్చి మొరపెట్టుకుంటారండీ," అంది. "'మరి మీరు చదువుతారా?' అని అడిగితే నేల చూపులు చూస్తారు. మీరు చివరిసారి ఏం చదివారు మేస్త్రీ?"

"డ్రిల్లింగ్ మెషీన్‌తో పాటు ఒక పుస్తకం ఇస్తారు చూడండి..."

"అది మెషీన్ వాడే విధానం!"

"అదే. అదీ సగమే చదివాను."

కిటికీ రెక్క పట్టుకుని మరీ నవ్వింది. నవ్వి నవ్వి, అరలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. పేరు 'గుండీల దొంగ'.

"ఇంట్లో ఎవరున్నారు?"

"అమ్మ ఒక్కతే. బట్టలు కుడుతుంది."

"అయితే మీరు పైకి చదవాలి, ఆవిడ ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే మీరూ ఆపేయాలి. ఇదీ రూలు."

"మా ఇంట్లో పిల్లలు లేరండీ."

"పుట్టాక మొదలుపెడతారా? ముందు పెద్దవాళ్ళు రుచి మరగాలి."

పిల్లలు పుట్టడం అనే మాట ఆమె నోట వినగానే నా చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి అనాలని, "వాన తగ్గినట్టుందండీ," అన్నాను.

"తగ్గలేదు. సరిగ్గా చూడండి."

చూశాను. ఎండ కూడా వచ్చేసింది. నేను వాదించలేదు.

"ఈ వయసులో నాకు కథలేమిట్రా?" అని మా అమ్మ మొదట కొట్టిపారేసింది. నేను పట్టు వదలకుండా మొదటి పేజీ చదివాను. ఒక ఊళ్ళో రోజూ తెల్లారేసరికి ఎవరో ఒకరి చొక్కాకి ఒక్క గుండీ మాయమవుతుంది. ఒక్కటే. అక్కడికి రాగానే కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"పైదా, కిందదా?"

"రాయలేదమ్మా."

"పొట్ట దగ్గరదై ఉంటుంది. అక్కడే దారం వదులవుతుంది. ఊ, తర్వాత?"

ఇంకేముంది! ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి టీవీ నోరు మూసుకునేది. నేను చదవడం, అమ్మ ఊ కొట్టడం. దొంగ ఎవరో నాకంటే ముందు కనిపెట్టాలని ఆవిడ పంతం. పాలవాడి మీద అనుమానం, తీసేసి పంతులుగారి మీద అనుమానం.

ఇక్కడే నా కొంప మునిగింది. అమ్మ సూదికి దారం ఎక్కిస్తూ ఆగినప్పుడల్లా నేను తర్వాతి పేజీలు లోలోపలే చదివేయడం మరిగాను. ఆ సాయంత్రం దొంగ గడియార స్తంభం ఎక్కుతున్నాడు. కింద పోలీసులు. అప్పుడు మా ఇంట్లో నడిచిన సంభాషణ ఇది. నేను విన్నది కాదు, తరవాత అమ్మ ఒప్పజెప్పింది.

"ఒరేయ్, నా స్నేహితురాలి కూతురు లేదూ, బ్యాంకులో పనిచేస్తుంది."

"ఊ."

"బంగారం లాంటి పిల్ల. నీకు ఇస్తామంటున్నారు."

"ఊ."

"నీకు సరేనంటే మాటిచ్చేస్తాను మరి."

"ఊ!"

మూడోది అంత గట్టిగా ఎందుకు పడిందంటే, దొంగ కాలు జారింది.

మర్నాడు ఆఖరి పట్టీ చంకలో పెట్టుకుని, ఈల వేసుకుంటూ లైబ్రరీకి వెళ్ళాను. పుస్తకాలక్క తలెత్తలేదు.

"కంగ్రాట్స్ అండీ, కార్పెంటర్ గారూ."

అప్పటిదాకా నేను మేస్త్రీని. ఈ 'గారూ' ఎక్కణ్ణుంచి వచ్చింది?

"దేనికండీ?"

"సంబంధం కుదిరిందటగా. మీ అమ్మగారు తనకీ సభ్యత్వం కార్డు కావాలని పొద్దున్నే వచ్చారు. నా చేతులు పట్టుకుని మరీ చెప్పారు. మీరు మూడుసార్లు ఊ అన్నారట."

"నేనా? ఎప్పుడు?"

"నన్నడుగుతారేంటండీ? ఆ పట్టీ బిగించేసి వెళ్ళండి. పని అయిపోయింది కదా."

చేతిలో పుస్తకం మీద లైబ్రరీ ముద్ర తలకిందులుగా వేసింది. వేసినట్టు కూడా ఆమెకి తెలియలేదు. నేను నోరు తెరిచేలోపు పిల్లలు బిలబిలమంటూ వచ్చేశారు.

పట్టీ అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తాను.

"అమ్మా! నేనెప్పుడు ఊ అన్నాను?"

"నిన్న సాయంత్రం. మూడోది వీధి చివరిదాకా వినబడింది."

"అది నీకు కాదమ్మా! దొంగకి! గడియార స్తంభం మీంచి జారాడు!"

అమ్మ కత్తెర కింద పెట్టింది. "జారాడా? ఆ ముక్క నాకు చదవలేదే? నన్ను వదిలేసి ముందుకెళ్ళావట్రా, దొంగ వెధవా!"

"అమ్మా, నా బతుకు జారిపోతోంది, నీకు వాడి గోలేంటి? నేను ఇంకో అమ్మాయిని ఇష్టపడ్డాను."

"ఎవర్ని?"

నేను బల్ల మీద పుస్తకం వైపు చూశాను. అమ్మ కూడా చూసింది. చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"పుస్తకాల పిల్లనా? అయ్యో నా నోరు పడ! పనిగట్టుకుని వెళ్ళి ఆ పిల్లకే చెప్పొచ్చానే! అందుకేనా మొహం అలా పెట్టింది? ఎండకి నీరసపడిందనుకున్నాను."

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి నాకు నోరు రాదు. ఊ అన్నవాడివి నువ్వే చెయ్యి ఫోను. ఉన్నది ఉన్నట్టు చెప్పు. అవతల ఉన్నది ఆడపిల్ల, వంకలు పెట్టావో, చూడు!"

చేశాను. బ్యాంకు అమ్మాయే ఎత్తింది. చెమటలు కక్కుతూ మొత్తం చెప్పాను.

"అంటే, మీరు నా పేరు కూడా వినలేదన్నమాట."

"లేదండీ. తప్పే. క్షమించండి."

"పెళ్ళయ్యాక కాకుండా ముందే చెప్పారు, నయం. అమ్మకి నేను చెప్పుకుంటాలెండి. ఇంతకీ దొంగ ఎవరు?"

"అది చెప్పకూడదండీ. చదవాలి."

ఫోను పెట్టేసింది. పెట్టేముందు నవ్విందనే నా నమ్మకం.

ఒక గండం గడిచింది. అసలుది అలాగే ఉంది. పుస్తకాలక్కతో మాట్లాడదామని వెళితే, గది ప్రారంభం పనుల్లో ఆమె నాకు దొరకలేదు. "ఒక్క మాటండీ," అంటే, "మేకులు గుచ్చుకోకుండా కొట్టారా?" అనేది. "కొట్టాను," అంటే, "అయితే మంచిది," అని వెళ్ళిపోయేది. నాకు ముద్ద దిగలేదు. అమ్మ కూడా పుస్తకం మూసేసింది, నేను ఊరికే చదువుతున్నానని, మనసు పెట్టడం లేదని.

ప్రారంభం రోజు ఉపన్యాసాలు లేవు. ఇంటికొకరు లేచి ఒక పేజీ చదవాలని పుస్తకాలక్క ముందే చెప్పింది. తల్లులు, తాతలు, పిల్లలు నేల మీద ఒత్తుకుని కూర్చున్నారు. కొందరు నాన్నలు మాత్రం గోడకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. మా వంతు వచ్చింది. మా అమ్మ వెనక నుంచి నన్ను ఒక్క తోపు తోసింది.

నిలబడి చదవడం మొదలుపెట్టాను. "'దొంగ గడియారం ముల్లు పట్టుకుని వేలాడుతున్నాడు. కింద జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు.'"

తలెత్తాను. ఆమె నేను చేసిన అరల పక్కనే నిలబడి, నన్ను తప్ప అందర్నీ చూస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేననిపించింది.

"'ఆ జనంలో ఒక వడ్రంగి ఉన్నాడు,'" అన్నాను, పుస్తకంలోకి చూస్తూనే. "'వాడికి పెళ్ళేమీ కుదరలేదు. వాడు ఊ అన్నది దొంగని చూసి. వాడు ఇష్టపడ్డది ఒక్క అమ్మాయిని. తాళాలు పీకించిన అమ్మాయిని.'"

"అంకుల్!" మిరపకాయ లేచి నిలబడింది. "అది పుస్తకంలో లేదు!"

"ఉందమ్మా."

"లేదు! అక్క మాకు చదివింది. ఇప్పుడు నిచ్చెన తెస్తారు. వడ్రంగి లేడు!"

"మరి నిచ్చెన ఎవరు చేశారనుకున్నావు?"

గది గొల్లుమంది. ఫోన్లు చూసుకుంటున్న నాన్నలు కూడా తలెత్తారు. పుస్తకాలక్క మాత్రం నవ్వలేదు. జనాన్ని దాటుకుంటూ వచ్చి నా చేతిలో పుస్తకం తీసుకుంది. చదివింది.

"'ఆ అమ్మాయి ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చింది. వడ్రంగి మీద కోపంతో కాదు. వాడంటే ఎంత ఇష్టమో అప్పుడే తెలిసి.'"

"ఇదీ లేదు!" అంది మిరపకాయ.

మా అమ్మ లేచింది. "అమ్మాయ్, ఆ రోజు తప్పు కబురు మోసుకొచ్చింది నేను. వీడు నోరు విప్పి అడిగేసరికి నీకు జుట్టు తెల్లబడుతుంది. అందుకే నేనే అడుగుతున్నా. మా ఇంటికి వస్తావా?"

ఆమె నా వైపు చూడలేదు. మా అమ్మ వైపే చూసింది.

"వస్తానత్తయ్యా."

అమ్మ కాదు, ఆంటీ కాదు, అత్తయ్య. మా అమ్మ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. ఆమె పుస్తకం మళ్ళీ నా చేతిలో పెట్టింది కానీ, నాకు అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. నేనింక చదవలేనని తెలిసి పుస్తకాలక్క నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. మళ్ళీ వదల్లేదు.

"మరి దొంగ?" మిరపకాయకి ఒళ్ళు మండిపోతోంది. "పాపం వాడు ఇంకా వేలాడుతున్నాడు!"

పుస్తకం లాక్కుంది. అక్షరం మీద వేలు పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా, పెద్దగా చదవడం మొదలుపెట్టింది. నిచ్చెన వచ్చింది. దొంగ ఒక కాలు దాని మీద పెట్టాడు. అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

గోడకి ఆనుకున్న వాళ్ళలో దాని నాన్న ఒకడు. ఎప్పుడు వచ్చి కూతురి పక్కన నేల మీద కూర్చున్నాడో ఎవరూ చూడలేదు.

"ఆగావేం తల్లీ," అన్నాడు. "చదువు."