మూడో పిలుపు

పాపారపట్టి దాటి పిక్కిలికి పోయే దారిలో మా ఇల్లు. ఒక గది, వెనక వంటిల్లు, పక్కన మేకల కొట్టం. మా అమ్మ కాళియమ్మాళ్‌కు మేకలంటే ఎంత ప్రేమో దెయ్యాలంటే అంత భయం. దీపం పెట్టినప్పటి నుంచి తెల్లవారే దాకా ఎవరు పిలిచినా వెంటనే పలక్కూడదని చిన్నప్పుడే నేర్పింది. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. మూడోసారి పిలిస్తే మనిషేనట. నేనూ తమ్ముడు శరవణనూ నవ్వేవాళ్లం. నవ్వుతూనే మూడో పిలుపు దాకా నోరు మూసుకునేవాళ్లం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

మా ఇద్దరికీ ఒక పెద్ద విమానాశ్రయంలో గీతలు వేసే పని దొరికింది. విమానం పరుగెత్తి ఎగిరేది రన్‌వే, దాని గీతలు తెలుపు. అక్కడిదాకా మెల్లగా నడిచి పోయేది టాక్సీవే, దాని గీత పసుపు. ఒకటనుకుని ఇంకోదానిలోకి పోతే ప్రాణాలు మిగలవు. అందుకే ఒక కట్టుబాటు ఉండేది. బండి తోలేవాడు అనుమానం వస్తే ఆగి రేడియోలో అడగాలి. ఆ రెండూ కలిసే కూడలిలో ఉన్నవాడు వెంటనే దారి చెప్పాలి. తోలేవాడు ఆ మాటే తిరిగి చెప్పి, అప్పుడు కదలాలి. రంగు బండి తమ్ముడు తోలేవాడు. కూడలిలో నేను నిలబడేవాణ్ణి.

పోయిన మార్గళి నెల చలిలో ఒక తెల్లవారుజామున పొగమంచు దట్టంగా పట్టింది. మలుపు దగ్గర పసుపు గీత చెరిగిపోయింది. దాన్ని దిద్దడానికే వచ్చాం. బండి మంచులోకి పోయింది. కొంతసేపటికి రేడియో గరగరమంది.

"అన్నా..."

నా బొటనవేలు మీట మీదే ఉంది. నోరు మాత్రం లేవలేదు.

"అన్నా... ఇది తెల్ల గీతా, పసుపు గీతా?"

మూడో పిలుపు కోసం చూశాను. చీకటిలో అలవాటు, అంతే. వాడు కట్టుబాటు ప్రకారం కదలకుండా, తెల్ల గీత మీదే, నా జవాబు కోసం ఆగి ఉన్నాడు. ఇంతలో విమానం హోరు వినిపించింది...

విమానంలో వాళ్లకు ఏమీ కాలేదు. మా ఇంట్లో ఒకడు పోయాడు. రేడియో పలకలేదని అందరికీ చెప్పాను. అమ్మ కూడా నమ్మిందనే అనుకున్నాను.

పదహారో రోజు కర్మ ముగిసింది. మరునాడు వేకువన మెలకువ వచ్చేసరికి మంచు కిటికీలోంచి లోపలికి వస్తోంది. మేకల వాసన లేదు. ఆరని రంగు వాసన. కొట్టంలో ఒక్క మేక మెడగంట కూడా కదలడం లేదు. రేడియో ఎప్పుడో తిరిగి ఇచ్చేశాను. అయినా గరగర...

"అన్నా..."

నా నోరు ఈసారీ లేవలేదు. చాప మీద అమ్మ లేచి కూర్చుంది.

"పలకవేమిరా ఆదిమూలం?" గుసగుసగా అడిగింది.

"మూడోసారి పిలవనీమ్మా."

"నా బిడ్డకు మూడోసారి పిలిచే పొద్దు యాడుండింది రా..."

అమ్మకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు.

"అన్నా..."

"ఏం నాయనా, నేనుండాను," అంది అమ్మ చీకటిలోకి. చెవి పెట్టి విన్నది. నావైపు తిరిగింది. "తెల్ల గీతా, పసుపు గీతా అని అడుగుతా ఉండాడు. నాకేం తెలుసు? నువ్వు చెప్పు."

ఆ ప్రశ్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"పసుపు గీత పట్టుకుని రా శరవణా," అన్నాను. "నిదానంగా రా."

తరువాత చాలా దగ్గరగా, తలుపు అవతలే...

"పసుపు గీత పట్టుకుని వస్తా ఉండానన్నా."

అమ్మ లేచి గడియ తీసింది. నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. సొంత తమ్ముడికి భయపడ్డాను, అదీ చెప్పాలి.

తెల్లవారాక చూస్తే గడప నుంచి అమ్మ చాప దాకా జానెడు వెడల్పున పసుపు గీత. చాపలో ఒక మనిషికి చోటు వదిలి, అమ్మ గోడవైపు జరిగి నిద్రపోతోంది. ఇప్పటికీ అలాగే పడుకుంటుంది. గీతను కడగబోతే వద్దంటుంది.

చిత్తిరై నెల ఎండలకు మా బావి కూడా ఎండింది. ఆ గీత మాత్రం ఇంకా ఆరలేదు.