బానెట్ మీద పసుపు టేపు

మా మొదటి గొడవ బొటనవేలంత టేపు ముక్క దగ్గర జరిగింది.

ఆ రోజే నేను ఆ షాపులో చేరాను. కొత్త కార్ల పెయింటు మీద గీతలు పడకుండా పల్చటి ఫిల్మ్ అతికించడం నా పని. మొదటి కారు తలుపు మీద పసుపు రంగు టేపు ముక్క కనిపించింది. ఎవరో మర్చిపోయారనుకుని గోటితో లేపబోయాను.

"చెయ్యి తియ్."

వెనక్కి తిరిగి చూస్తే, అరచేతిలో పట్టేంత మీటరుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"టేపే కదండీ."

"టేపే. కానీ నాది. నీలం టేపు ఉంటే పని మొదలుపెట్టొచ్చు. పసుపు ఉంటే ఆగాలి. నేను పెట్టింది నేనే తీస్తాను. మా బాబాయ్ కూడా ముట్టుకోడు."

"ఎంతసేపు ఆగాలి?"

"నేను తీసేదాకా."

నేను అక్కడే పడిపోయాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమెకైతే అసలే చెప్పలేదు.

ఫిల్మ్ వేసేముందు పెయింటు మందం మైక్రాన్లలో కొలవడం ఆమె పని. మాటకు ముందొక మైక్రాన్, వెనకొక మైక్రాన్ అంటుంది కాబట్టి షాపంతా ఆమెను మైక్రాన్ అనేది. నేను వేసిన మొదటి ఫిల్మ్‌లో ఒక బుడగ మిగిలినందుకు నాకు బుడగ అని పేరు పెట్టింది. ఆ షాపు వాళ్ళ బాబాయ్‌ది. మొదట్లో ఆయన ఆమెను ఫోన్ దగ్గర కూర్చోబెట్టారట. రెండేళ్ళు పోట్లాడి మీటరు చేతిలోకి తెచ్చుకుంది. "ఒక్క తప్పు జరిగిందంటే మళ్ళీ ఫోన్ దగ్గరికే" అని ఆయన షరతు పెట్టారు. ఆయన మాట తప్పే మనిషి కాదు.

పనివాళ్ళందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవారు. నేనొక్కణ్ణే సార్ అనేవాణ్ణి. వీడికి వినయం ఎక్కువ అని ఆయన మురిసిపోయేవారు. అది వినయం కాదు, ముందుచూపు. ఆమె బాబాయ్‌ని నేనూ బాబాయ్ అంటే మా ఇద్దరి వరస ఏం కావాలి?

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. అప్పుడొచ్చాడు పళ్ళ డాక్టరు.

నాలుగు రోజుల కిందట కొన్న ఎర్ర కారు, ఇస్త్రీ నలగని చొక్కా, ముప్ఫై రెండూ కనిపించే నవ్వు. ఆయన ఏదో అన్నాడు. మైక్రాన్ నవ్వింది. నేను ఎనిమిది నెలలుగా జోకులు వేస్తుంటే పెదవి కొస కదిలించని మనిషి, పళ్ళన్నీ బయటపెట్టి మరీ నవ్వింది. చూపించాల్సిన వాడికే చూపించిందిలే అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను.

మర్నాడు ఆయన రెండుసార్లు వచ్చాడు. కారు దింపి వెళ్ళినవాడికి రోజుకు రెండుసార్లు ఏం పని? ఇద్దరూ బానెట్ మీదికి వంగి గుసగుసలాడుకుంటున్నారు. నేను సబ్బునీళ్ళ సీసా పట్టుకుని అటు నడిచాను. ఠక్కున మాటలు ఆపేశారు.

"ఏం కావాలి బుడగా?" అంది మైక్రాన్.

"నీళ్ళు."

"చేతిలో ఉన్నవేంటి?"

సీసా నిండుగా ఉంది. దాంతోనే వెనక్కి వచ్చాను.

మూడో రోజు పొద్దున ఆ కారుకు తలుపుల మీద, డిక్కీ మీద, పైకప్పు మీద నీలం టేపులు ఉన్నాయి. బానెట్ మీద మాత్రం పసుపు.

"బానెట్‌కి ఏమైంది?" అని అడిగాను.

"రేపు చెప్తా."

"కొత్త కారేగా. రేపటిదాకా ఎందుకు?"

"రేపు డాక్టరు గారు వస్తారు. ఆయన వచ్చాక చూద్దాం. ఈలోపు మిగతావి కానియ్."

అదీ సంగతి! ఆయన రేపు కూడా రావాలని బానెట్ ఆపి ఉంచింది. ఎల్లుండి డిక్కీ మీద ఇంకో పసుపు ముక్క పెడుతుంది. ఆ తర్వాత తలుపు. ఇలా అయితే ఈ కారు ఇక్కడే ముసలిదైపోతుంది. ఆ లెక్క నాకు నేనే కట్టుకుని, నాకు నేనే రగిలిపోయాను.

మధ్యాహ్నం ఆమె భోజనానికి పైకి వెళ్ళింది. నేను అటూ ఇటూ చూసి పసుపు టేపు పీకి జేబులో కుక్కుకున్నాను. బానెట్ ఒక్కటీ అయిపోతే సాయంత్రానికి కారు పోతుంది, దాంతో పాటు ఆ ముప్ఫై రెండు పళ్ళూ పోతాయి.

సబ్బునీళ్ళు చల్లాను. ఫిల్మ్ పరిచాను. రబ్బరు పలకతో మధ్య నుంచి అంచులకు నీళ్ళు తోశాను. నా జన్మలో అంత శుభ్రంగా ఎప్పుడూ వెయ్యలేదు. కోపంలో చెయ్యి బాగా తిరుగుతుందని ఆ రోజే తెలిసింది. కాస్త ఆరాక చూస్తే మూల దగ్గర ఫిల్మ్ కింద ఒక నలక ఉంది. దాన్ని తియ్యడానికి ఫిల్మ్ అంచు మెల్లగా లేపాను.

ఫిల్మ్‌తో పాటు పెయింటూ లేచింది.

అరచేయంత ఎరుపు ఫిల్మ్‌కు అంటుకుని వచ్చేసింది. దాని కింద బూడిద రంగు లప్పం బయటపడింది. కంపెనీ పెయింటు ఇలా ఊడదు. అంటే ఈ బానెట్‌కు ఎవరో ఎప్పుడో లప్పం పెట్టి, పైపైన రంగు కొట్టారు. మైక్రాన్‌కు అది తెలుసు. అందుకే ఆగమంది.

బయట వాన మొదలైంది. ఆ వానలోనే తడుస్తూ, రేపు రావాల్సిన పళ్ళ డాక్టరు ఇవాళే వచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆయన వెనకే సార్ వచ్చారు. మెట్ల మీంచి మైక్రాన్ దిగింది.

సార్ బానెట్ చూశారు. తర్వాత మైక్రాన్‌ను చూశారు.

"కొలవలేదా?"

"కొలిచాను బాబాయ్. మిగతా కారంతా నూట పది మైక్రాన్లు, బానెట్ మాత్రం రెండు వందల అరవై. పసుపు పెట్టాను."

"ఏదీ?"

ఆమె బానెట్ చుట్టూ వెతికింది. కింద చూసింది. ఆమె మొహంలో ధైర్యం కొద్దికొద్దిగా జారిపోవడం నాకు కనిపించింది. "పెట్టాననే గుర్తు..." అంది.

"గుర్తంటే కుదరదమ్మా. నేనేం చెప్పానో తెలుసుగా. ఆ మీటరు ఇటివ్వు."

ఆమె మీటరు అందించబోయింది. నేను ఊరుకుంటే ఆ తప్పు ఆమెదిగానే మిగిలిపోతుంది. మళ్ళీ ఫోన్, మళ్ళీ ఆ కుర్చీ. నా అసూయకు ఆమె రెండేళ్ళ పోట్లాట ఖర్చయిపోతుంది.

"పెట్టింది సార్." జేబులోంచి నలిగిన టేపు తీసి బానెట్ మీద పెట్టాను. "నేనే పీకేశాను."

"ఎందుకురా?"

"ఈయన రేపు మళ్ళీ వస్తాడని."

"వస్తే నీకేంటి?"

అబద్ధం ఒక్కటీ తోచలేదు.

"ఈయన జోక్ వేస్తే నవ్వుతుంది సార్. నేను వేస్తే నవ్వదు. నాకు... ఓర్చుకోలేకపోయాను. మైక్రాన్ అంటే నాకు ఇష్టం. తప్పు నాది. మీటరు తీసుకోకండి."

పళ్ళ డాక్టరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. తర్వాత బానెట్ మీదికి వంగి ఫోన్‌తో ఫొటోలు తీశాడు.

"బాబూ, మీరు నాకు మేలే చేశారు. బానెట్‌కి మళ్ళీ రంగు వేశారని ఈవిడ నిన్ననే చెప్పింది. షోరూంలో అడిగితే మీటరు తప్పంటున్నారు. ఒప్పించలేక ఇవాళే వచ్చేశాను. ఇప్పుడీ లప్పాన్ని ఏమంటారో చూస్తాను."

ఆయన ఫిల్మ్ ముక్కతో సహా కారు తీసుకుని వెళ్ళిపోయాడు. సార్ మీటరు ఆమె దగ్గరే ఉండనిచ్చారు. నాకు రబ్బరు పలక బదులు బకెట్ ఇచ్చారు. "నేను చెప్పేదాకా కార్లు కడుగు."

మైక్రాన్ నా ముందుకు వచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి, కోపమూ ఉంది.

"ఇష్టమైతే నాతో చెప్పాలి. అనుమానమైతే నన్ను అడగాలి. నా పని మీద చూపిస్తావా?"

"తప్పే. క్షమించు."

ఆమె పసుపు టేపు చింపి నా ఏప్రాన్ మీద, సరిగ్గా గుండె దగ్గర అతికించింది.

"ఎంతసేపు?" అన్నాను.

"నేను తీసేదాకా."

పదకొండు రోజులు కార్లు కడిగాను. నీళ్ళకు టేపు అంచులు లేచేవి. ఎవరూ చూడకుండా వేలితో నొక్కి మళ్ళీ అతికించుకునేవాణ్ణి. ఆమె మాట్లాడేది కాదు. కానీ రోజూ పొద్దున్నే ఆ టేపు వైపు ఒకసారి చూసి వెళ్ళేది.

పన్నెండో రోజు పళ్ళ డాక్టరు మళ్ళీ వచ్చాడు. షోరూం వాళ్ళు కారే మార్చి ఇచ్చారు. అదే ఎరుపు, అదే నవ్వు. సార్ బకెట్ లాక్కుని నా రబ్బరు పలక నాకిచ్చారు. మైక్రాన్ కారంతా కొలిచి నీలం టేపులు పెట్టింది. పైకప్పు దగ్గర ఆగి, వేలితో తడిమి, పసుపు పెట్టింది.

"రేపు రండి డాక్టరు గారూ" అంది.

రేపు! నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. సాయంత్రం షాపులో నేనూ ఆ పసుపు ముక్కా ఒంటరిగా మిగిలాం. దాని వైపు చూశాను. నా ఏప్రాన్ వైపు చూసుకున్నాను. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఇంటికి పోయాను.

పొద్దున్న నేను వచ్చేసరికి ఆమె పైకప్పు మీద అంటుకున్న ఇనుప రజను బంకమట్టిలాంటి మెత్తటి ముద్దతో తీస్తోంది. టేపు ఉన్నచోటే ఉంది. డాక్టరు రెండు కాఫీలతో దిగి, ఒకటి ఆమెకిచ్చాడు.

"ఇంతకీ నా ప్రశ్నకి జవాబు చెప్పనేలేదు మీరు. బయట కాఫీకి నాతో రానన్నారు, సరే. మరి ఎవరితో వెళ్తారు?"

ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "అదిగో, అతనితో. ఎనిమిది నెలలైంది, ఇంకా పిలవడే!"

డాక్టరు రెండో కాఫీ నా చేతిలో పెట్టాడు. "చల్లారకముందే పిలవండి బాబూ."

"వస్తావా?" అన్నాను.

ఆమె ముందు పైకప్పు మీది పసుపు ముక్క తీసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, ఏప్రాన్ మీదిది నెమ్మదిగా లాగింది.

"నిన్న సాయంత్రం ఎందుకు ముట్టుకోలేదు?"

"అసూయ పోయింది కాబట్టి కాదు. నీది కాబట్టి."

ఆమె నవ్వింది. ఈసారి పళ్ళన్నీ కనిపించాయి. నేను లెక్కపెట్టలేదు.

లోపలి నుంచి సార్ కేకేశారు. "ఏరా, పని మొదలైందా లేదా?"

"ఇదిగో మావయ్యా..." అనేసి నాలుక కరుచుకున్నాను. "అదే, సార్!"

ఆయన గుమ్మంలోకి వచ్చారు. నన్ను చూశారు, కూతురులాంటి పిల్లను చూశారు, మళ్ళీ నన్ను చూశారు.

"ఓరి నీ! ఇందుకట్రా ఎనిమిది నెలలుగా సార్ సార్ అని నన్ను చంపావు? వాళ్ళ నాన్నతో నేను మాట్లాడతాలే. ముందు ఆ పైకప్పు బుడగ లేకుండా వెయ్యి."

ఏప్రాన్ మీద పసుపు టేపు ఊడిన చోట జిగురు మరక మిగిలింది. మైక్రాన్ దాని మీద నీలం ముక్క అతికించి, గట్టిగా నొక్కి, మీటరు తీసుకుని పక్క కారు దగ్గరికి వెళ్ళింది.