మల్లంపాటివారైతే రావద్దు

"మేడమ్, మా సిస్టమ్ ప్రకారం మీరు మీరు కారు."

మధుమిత ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి ఒకసారి చూసుకుంది. ఎన్నో రోజులుగా ఆ క్రిప్టో ఎక్స్‌చేంజి చాట్‌లో ఒక యంత్రం ఆమె సహనానికి ధన్యవాదాలు చెబుతూ వచ్చింది. చివరికి మనిషి దొరికాడనుకుంటే, ఆ మనిషి తమిళంలో అన్న మొదటి మాట ఇది.

"మరి ఇంతసేపూ హోల్డ్‌లో మీ సంగీతం విన్నదెవరు సార్?" అంది తనూ తమిళంలోనే.

అటువైపు చిన్న దగ్గు. నవ్వును మింగిన దగ్గు.

"అకౌంట్‌లో లాస్ట్ నేమ్ మల్లంపాటి అని ఉంది. పాన్ కార్డులో మధుమిత నవనీతకృష్ణన్. బ్యాంకులో ఎన్. మధుమిత. పేర్లు కలవలేదు కాబట్టి మీ డబ్బు విత్‌డ్రాయల్ ఆగిపోయింది. ఈ మల్లంపాటి ఎవరు మేడమ్?"

అప్పుడు తెలిసింది ఆమెకు తను చేసిన పని. కోయంబత్తూరు పీలమేడులో వాళ్ళలాంటి తెలుగు ఇళ్ళలో అందరికీ ఒక ఇంటిపేరుంటుంది. అది రేషన్ కార్డు ఎక్కదు, మార్కుల షీటు ఎక్కదు; అక్కడ తండ్రి పేరే. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం పెద్దవాళ్ళ నోట్లోంచి బయటికొస్తుంది. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళు, వేరైతే కూర్చుని మాట్లాడుకోవచ్చు. అకౌంట్ తెరిచిన రోజు లాస్ట్ నేమ్ గడి ఖాళీగా వదిలితే ఆ యాప్ ముందుకు కదల్లేదు. పక్కన స్నేహితురాలు షణ్ముగప్రియ తొందరపెడుతోంది. తోచిన పేరు అదే.

"అది మా ఇంటిపేరు సార్. ఇంట్లో మేము తెలుగు."

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"మా ఇంట్లానూ తెలుగే," అన్నాడతను, ఈసారి తెలుగులో. "మాది మదురై. నా పేరు బాలసుందరం."

బాలసుందరమంటే రిటైరయ్యాక ఊసుపోక ఉద్యోగంలో చేరిన హెడ్మాస్టరెవరో అనుకుంది మధుమిత. "సరింగ అంకుల్," అంది వినయంగా.

"అంకులా? అది మా తాత పేరండి. పెట్టేటప్పుడు నన్ను ఎవురూ అడగలే. నాకి ఇంకా ముప్పై రాలేదు. అయినా మీ కోయంబత్తూరోళ్ళు 'అండి'కి బదులు అనే ఆ 'ంగ' తెలుగులా కూడా విడవరా?"

"విడవముంగ."

ఈసారి అతను దగ్గలేదు, నవ్వేశాడు.

మర్నాడు వీడియో వెరిఫికేషన్. అందులో అతనికి ఆమె కనిపిస్తుంది, ఆమెకు అతను కనిపించడు. అతనుండవలసిన చోట ఒక బూడిదరంగు వృత్తం.

"తల కొంచం పక్కకి తిప్పండి. ఇంకో పక్కకి. ఇప్పుడు ఒకసారి కళ్ళు మూసి తెరవండి."

"ఇదంతా రూలేనా?"

"రూలేను." కాస్త ఆగి, "వాన చప్పుడు వినిపిస్తా ఉంది. అక్కడ వానా?"

"మీకి లేదా?"

"మదురైలా ఎండ పేలుస్తా ఉంది. కొంచం పంపించండి."

"పంపుతా. ఏ నెట్‌వర్క్‌లా పంపేది?"

"చూసి పంపండి మేడమ్. తప్పు నెట్‌వర్క్‌లా పోతే క్రిప్టో మాదిరే వాన కూడా తిరిగి రాదు."

ఫోన్ పెట్టేశాక కూడా కిటికీ దగ్గరే నిలబడింది. చూపులన్నీ ఒకవైపే నడిచిన ఆ కాసేపట్లో తన ముఖం ఎలా ఉందో అద్దంలో చూసుకోవాలనిపించింది. చూసుకుంది కూడా.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఒక ఫిర్యాదుకు ఒక టికెట్, ఆ టికెట్ తెరిచి ఉన్నంతకాలం ఒకే మనిషి మాట్లాడతాడు. మూశాక మళ్ళీ ఫోన్ చేస్తే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. అది తెలిసిన రోజు నుంచి మధుమిత పాన్ కార్డు ఫోటో ఎందుకో సరిగా రావడం మానేసింది.

"ఫ్యాన్ నీడ పడింది మేడమ్."

"మళ్ళీ పంపుతా."

"ఈసారి వేలు అడ్డమొచ్చింది."

"అయ్యో. మళ్ళీ పంపుతా."

అతనికి అర్థమైందో లేదో. ఒకసారి మాత్రం, "తొందరేమీ లేదు," అన్నాడు.

వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న తల్లి సుందరవల్లికి స్పీకర్‌లో అంతా వినిపిస్తూనే ఉంది.

"ఎవురు కన్నూ, దినమూ ఫోన్ చేసేది?"

"కస్టమర్ కేర్‌మా."

"తెలుగు మాట్లాడతా ఉండాడే. వాని ఇంటిపేరేంది?"

"తెలీదు."

"మనదే ఐతే నీకి అన్న. ముందు అది అడుగు. తర్వాత నవ్వు."

ఆ మాట ముల్లులా దిగింది. తర్వాతి కాల్‌లో ఊరికే అడిగినట్టు అడిగింది. "మీ ఇంటిపేరేందో చెప్పలేదే?"

"పర్సనల్ డీటెయిల్స్ చెప్పకూడదు మేడమ్. కాల్ రికార్డవుతా ఉంది."

అతని గొంతులో నవ్వు లేదు. తన ఇంటిపేరు అతనికి మొదటి రోజే తెలుసు. వేరే అయితే ఏదో ఒక వేళాకోళంలో చెప్పి ఉండడా? చెప్పలేక ఊరుకున్నాడంటే, అతనిదీ మల్లంపాటేనా?

పంపుల కంపెనీలో డిజైన్ గీస్తూ మధ్యమధ్యలో ఫోన్ తిరగేసి చూసేది. గాంధీపురంలో బస్సు కోసం నిలబడినప్పుడు ఎవరైనా మదురై యాసలో మాట్లాడితే తల అటు తిరిగేది. ముఖం తెలియని మనిషి కోసం బెంగపడడం కొత్తగా ఉంది. తలుచుకుందామంటే గుర్తుకొచ్చేది ఒక దగ్గు, ఒక నవ్వు, అంతే.

చివరికి ఆ రోజు వచ్చింది. "పేరు సరిచేసేశారు మేడమ్," అన్నాడతను. "విత్‌డ్రాయల్ తెరిచారు. ఈ కాల్ కాగానే టికెట్ మూసేయాలి. మేనేజర్ అడుగుతా ఉండాడు."

"మళ్ళీ ఏమన్నా అడగాలంటే?"

"జెబరాజ్ అని ఉండాడు. మంచోడు. ఓపిక జాస్తి."

"మీకంటేనా?"

అటువైపు పెన్ను బల్ల మీద తట్టిన చప్పుడు.

"నా నంబరు, అడ్రసు అంతా మీ ముందరే ఉంది కదా," అంది మెల్లగా.

"ఉంది. అది మీరు కంపెనీకిచ్చింది మేడమ్. నాకిచ్చింది కాదు."

ఆ మాట నచ్చింది. అంతలోనే, ఇంత మంచివాడు కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

"సరింగ. మీరు చెప్పకూడదు. కస్టమర్ చెప్పకూడదని రూల్ ఉందా?"

"...లేదు."

"ఐతే వినండి. ఆదివారం మా చిన్నమ్మ మనవరాలికి మీ మదురై పక్కనే దిండిగల్‌లా చెవులు కుట్టేది. పదకొండింటికి నేనూ మా అమ్మా బస్టాండులా, మదురై బస్సులు నిలిచే చోట ఉంటాము. మీరు మల్లంపాటివారైతే రావద్దు. కాకపోతే రండి. ఏమీ చెప్పొద్దు. రాలేదంటే నాకే తెలుస్తుంది."

అటువైపు కుర్చీ కిర్రుమంది. తర్వాత కంపెనీ నేర్పిన చివరి మాట, ఎప్పటికంటే నెమ్మదిగా వినిపించింది. "ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

"వద్దు," అంది. టికెట్ మూసుకుపోయింది.

ఆదివారం దిండిగల్‌లో సన్నటి జల్లు. మదురై బస్సు ఆగినప్పుడల్లా మధుమిత లేచి నిలబడింది. దిగిన ప్రతి యువకుడూ అతనే కావచ్చు. ఒకడు ఎవరినో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు, ఆమె ఒక అడుగు ముందుకేసింది. వాడు తాళాల అంగడి ఎటని అడిగి వెళ్ళిపోయాడు. పదకొండు దాటి చాలాసేపైంది.

"పాపా, అక్కడ మనకోసం చూస్తా ఉంటారు," అంది సుందరవల్లి.

"ఇంకొక్క బస్సుమా."

ముందు ఇంటిపేరడగమన్న ఆ తల్లే కూతురి తల మీదికి కొంగు పట్టింది.

ఇంకొక్క బస్సూ వచ్చింది. దిగినవాళ్ళు గొడుగులు విప్పుకుని చెదిరిపోయారు. 'అన్న' అనే మాటను మనసులో ఒకసారి అని చూసుకుంది మధుమిత. నోరు తిరగలేదు. సంచీ భుజానికి తగిలించుకుంది.

"మధుమితా."

మేడమ్ లేని ఆ పేరు వెనుకనుంచి వచ్చింది. గొంతు తెలిసిందే. తిరిగి చూసింది. తడిసిన చొక్కా, చామనచాయ, ఎత్తు కొంచెం తక్కువ, చెవులు కొంచెం ఎక్కువ. పక్కన ఒక పెద్దావిడ.

"మా అమ్మ. బయలుదేరినాక మళ్ళీ వెనక్కి పోయి చీర మార్చుకునింది," అన్నాడు, ఆలస్యానికి అదే జవాబన్నట్టు.

ఆవిడ మధుమితను దాటి నేరుగా సుందరవల్లి దగ్గరికి వెళ్ళింది. "నేను మల్లంపాటి ఇంటి ఆడపడుచునమ్మా," అంది.

మల్లంపాటి అన్నంతవరకే వినిపించింది మధుమితకు. చుట్టూ ఉన్న బస్సులన్నీ ఒక్కసారి దూరం జరిగినట్టయింది.

కానీ తల్లి ముఖం విప్పారుతోంది. "మీ పుట్టిల్లా? ఐతే మా ఇంటాయనకి అక్క వరసే. నాకి వదినమ్మ." అప్పుడు కుర్రవాడి వైపు తిరిగింది. "మేనమామను ఎప్పుడొచ్చి చూస్తావప్పా?"

"మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు అత్తా," అన్నాడు బాలసుందరం.

పెద్దవాళ్ళిద్దరూ ఒకే కొంగు కింద వరసలు కలుపుకుంటూ ముందు నడిచారు. వీళ్ళిద్దరూ వెనకబడ్డారు.

"మొదటి దినమే తెలుసు కదా మీకి," అంది మధుమిత. "ఇన్నాళ్ళు నన్ను ఏడిపించింది రూలేనా?"

"మీ ఇంటిపేరు వినగానే నాకి మాట పెగల్లే. అమ్మ పుట్టిల్లని చెప్తే ఎందుకు చెప్తా ఉండానో కూడా చెప్పాల కదా. రికార్డవుతా ఉండె."

"ఇప్పుడు కావడంలేదు."

అన్నిటికీ జవాబు చెప్పే ఉద్యోగం అతనిది. ఈసారి మాత్రం నేల చూశాడు. చివరికి తడి చేతిని చొక్కాకు తుడుచుకుని ఫోన్ తీశాడు.

"మీ నంబరు ఇస్తారా?" అన్నాడు. "నాకి."

మధుమిత చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో అంకె చెప్పి, అతను కొట్టేదాకా ఆగి, ఆ ముఖం చూస్తూ నిలబడింది.