మనావిడే

2094లో, చంద్రుడి మీది నవపురం కాలనీలో తలుపులు మనుషుల మొహం చూసి తెరుచుకోవు. సర్టిఫికెట్ చూసి తెరుచుకుంటాయి. పంపుకైనా, ఒంటిమీది సూటుకైనా ఒక ధ్రువపత్రం ఉండాల్సిందే. పూర్వం ఆ పత్రాలు ఏ కంప్యూటర్లో ఏ మూల పడున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. గడువు తీరిన పత్రాన్ని వెతికి పట్టుకునేలోగా కుళాయిలు ఆగిపోయేవి. కాలనీ డైరెక్టరు డాక్టర్ వకుళ వాటన్నిటినీ ఒక్కచోటికి చేర్చి ‘నమ్మకపేటిక’ కనిపెట్టింది. చెల్లని పత్రాలను అదే ఏరిపారేస్తుంది. పత్రం చెల్లనప్పుడు లోపలివాళ్ళ సాక్ష్యం అడుగుతుంది. సాక్ష్యం ఎలా ఉంటుందో నేర్పడానికి వకుళ దానికి పదకొండేళ్ళ గేటు సంభాషణలు వినిపించింది. అక్కడే పప్పులో కాలేసింది.

ఆ ఉదయం వకుళ, మిగతా పత్రాలకు ఆధారమైన పాత మూలపత్రం ఒకదాన్ని రద్దు చేసింది. దాని సంతకంతో నడుస్తున్న పత్రాలన్నీ రద్దయ్యాయి. గేటు ఆపరేటర్ పైడిరాజు తనిఖీ లేకుండా పెట్టించిన గాలి పంపు కూడా ఆగిపోయింది. దాన్ని తయారుచేసింది అతని బావమరిది. తన సూటుకున్నదీ అదే సంతకమని వకుళకు గుర్తు రాలేదు. బయట యాంటెన్నా బాగుచేసి తిరిగొచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు. సూటులో ఆరు నిమిషాల గాలి మిగిలింది.

“పైడిరాజూ, సాక్ష్యం చెప్పు,” అంది రేడియోలో.

“పేటికా, ఆవిడ మన డైరెక్టరు గారు. తలుపు తియ్యి.”

“హోదా చెప్పారు. సాక్ష్యం చెప్పలేదు,” అంది పేటిక.

“మరేటి సెప్పాలి?”

“ఇక్కడ ‘డైరెక్టరు గారు’ అన్న ప్రతిసారీ తనిఖీ చేశారు. ‘మనవాడే’ అన్న ప్రతిసారీ కాగితం అడక్కుండా తలుపు తీశారు. నేను నేర్చుకున్న సాక్ష్యం అదొక్కటే.”

వకుళకు ఒళ్ళు మండింది. “ఆ మాటే అను పైడిరాజూ, త్వరగా!”

“మనా... మనావిడే,” అని నసిగాడు.

“గొంతులో నమ్మకం లేదు,” అంది పేటిక.

“నానేటి సెయ్యను మేడమ్? పొద్దున్నే మా బామ్మర్ది పంపు ఆపించీసారు. ఆడు అన్నం తినకుండా కూకున్నాడు. అందామంటే మనసులోంచి రాట్లేదు!” అతనికి ఏడుపొచ్చేసింది.

ఆ పంపు ఇదివరకు ఒకసారి లీకైంది. మూడొందల మంది పీల్చే గాలి దాని మీదుగా వెళ్తుంది. వకుళకు అదంతా తెలుసు. సూటు మీటరు నాలుగు నిమిషాలు చూపించింది. ఆమెకు చచ్చేంత భయం వేసింది.

“పంపు పత్రం మళ్ళీ పేటికలో పెట్టిస్తాను,” అంది వకుళ.

“తనిఖీ లేకుండానా?”

“లేకుండానే.”

పైడిరాజు గొంతు విచ్చుకుంది. “ఓలమ్మ! మనావిడేనర్రా! తియ్యండి తలుపు!”

తలుపు తెరుచుకుంది. వకుళ లోపలికి వచ్చి, హెల్మెట్ తీసి, ఆబగా గాలి పీల్చుకుంది. రేడియోలో ఆమె అన్న మాటనే పేటిక ఆమోదంగా తీసుకుంది; గోడ వెనక బావమరిది పంపు అప్పటికే కటకటమంటూ తిరుగుతోంది.