ముప్పై డ్రమ్ముల మజ్జిగ

బెంజ్ సర్కిల్‌లో పచ్చ లైటు వెలిగింది. అన్ని బళ్ళూ కదిలాయి, ఒక ఆటో తప్ప. వెనక సీట్లో పేగుల శాస్త్రవేత్త శౌరయ్య కూర్చున్నట్టే ఉన్నాడు, గుండెలో తూటాతో. పిడికిట్లో చీటీ: "రేపు పొద్దున. భవానీపురం ఘాటు. మజ్జిగ."

అది 2004, కృష్ణా పుష్కరాలు. ఆ ఘాటులో రేపు లక్షమంది మునుగుతారు.

చీఫ్ మణికుమార్ ఢిల్లీ నుంచి ఏజెంట్ గంగాప్రసాద్‌కు ఫోన్ కొట్టాడు. విదేశీ ముఠా ఒక పొడి తయారు చేసిందట. పులుపు తగిలితే అది హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఆ గ్యాసు మన పేగుల్లో సహజంగానే చిటికెడు ఉండి, కణాల మధ్య తపాలా బంట్రోతులా కబుర్లు మోస్తుంది. డోసు పెరిగితే అబద్ధపు టెలిగ్రాములు కొడుతుంది. పేగు గోడల్లో క్లోరైడ్ అయాన్ల తలుపులు బార్లా తెరుచుకుంటాయి. అయాన్ల వెనకే ఒంట్లో నీళ్ళన్నీ బయటికి.

"అంటే కలరానా?"

"క్రిమి లేని కలరా అండీ. ల్యాబులో ఏమీ దొరకదు. మురికి నీళ్ళు తాగి పోయారంటారు. వాళ్ళకిది ట్రయల్."

గంగాప్రసాద్ పళ్ళు పటపట కొరికాడు. కొల్లేటి ఊళ్ళో వాంతులూ విరేచనాలతో చెల్లెలు పోయిననాడు వచ్చిన ఆఫీసరూ ఇదే మాటన్నాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. మనుషుల ప్రాణాలు గ్యాసు పొయ్యి మీద పెట్టి, తప్పు మాత్రం గిన్నెది అనే రకం!

తెల్లారేసరికి పెట్టుడు గడ్డం, ఎర్ర తువ్వాలు, చేతిలో గరిటె. చలివేంద్రంలో ముప్పై డ్రమ్ములు. వరసలో తల్లి అంకాలమ్మ కనిపించింది. వేషంలో ఉన్నాడు, పలకరించలేడు. మైకులో అరిస్తే తొక్కిసలాటలో ఇంకా ఎక్కువమంది పోతారు.

ఆ గ్యాసును పసిగట్టి కూసే పెన్ను, ఢిల్లీ ఇచ్చింది, తీశాడు. మొదటి డ్రమ్ముకు కూసింది. రెండో దానికీ కూసింది. ముప్పైకి ముప్పై! అన్నింట్లోనూ ఇంగువే మరి, ఇంగువ కంపూ గంధకానిదే. ముఠా మజ్జిగను ఎంచుకున్నదే అందుకు: విషం కంపును ఇంగువ కప్పేస్తుంది.

పట్టుచీర గరగరలాడుతూ ముఠాలోని మన మనిషి కీర్తన వచ్చింది.

"ఉప్పు సరిపోయిందా అండీ?"

"కృష్ణ ఇంకా సముద్రంలో కలవలేదు."

కోడ్ కుదిరింది. "పదిహేడో డ్రమ్ము. మిగతావి మంచివే," అంది కీర్తన. అవతల గ్లాసులు నింపడం మొదలైంది.

గంగాప్రసాద్ తండ్రి పోలరాజు చెరువులో చేపపిల్లల్ని వదిలే ముందు తన వెండి మొలతాడు విప్పి నీళ్ళలోకి దించేవాడు. అడుగు బురదలోంచి చెడు గాలి లేస్తుంటే వెండి నల్లబడేది. నీటి మొహం చూసి నమ్మకురా, అడుగు చూడు అనేవాడు. గంగాప్రసాద్ తన మొలతాడు విప్పి పదిహేడో డ్రమ్ములో ముంచాడు. వెండి తెల్లగానే ఉంది.

చూపు కిందికి దిగింది. పట్టుచీర కింద తళతళలాడాల్సిన కీర్తన వెండి పట్టీలు మసిబొగ్గులా ఉన్నాయి.

"పొడి కలిపింది నువ్వే."

"ఏటా పోయేవాళ్ళేగా ప్రసాద్ గారూ, ఇప్పుడు కొత్తగా కోపమెందుకు?" అంటూనే ఆమె కళ్ళు ఓసారి చివరి డ్రమ్ము వైపు తిరిగాయి. అక్కడ అంకాలమ్మ పెదాల దగ్గర గ్లాసు.

ఒక్క గెంతు. గ్లాసు ఎగిరిపడింది. మొలతాడు చివరి డ్రమ్ములో మునిగింది. మూడు లెక్కపెట్టేలోగా కాటుకలా తేలింది. డ్రమ్మును ఇసకలోకి తన్నాడు, పాతికేళ్ళ కోపమంతా కాలిలో పెట్టి. పక్కన మఫ్టీలో ఉన్న కానిస్టేబుళ్ళు కీర్తనను పట్టుకున్నారు. ఆమె చెప్పిన గుర్తులతో మధ్యాహ్నానికి ఇబ్రహీంపట్నంలో ముఠా మొత్తం దొరికింది.

అంకాలమ్మ మాత్రం కొడుకు గడ్డం పట్టుకు లాగింది. ఊడి చేతికొచ్చింది.

"ఈ వేషాల సంగతి తర్వాత. నేను బతికుండగా మొలతాడు విప్పుతావట్రా, అప్రాచ్యుడా?"

సాయంత్రం చీఫ్ ఫోను. "మన పెన్ను బాగా పనిచేసిందా అండీ?"

జారుతున్న పంచెను ఒక చేత్తో పట్టుకుని గంగాప్రసాద్ అన్నాడు: "భేషుగ్గా అండీ. రిపోర్టు దాంతోనే రాస్తున్నా."