రెండో బిందె

ఆదివారం పొద్దున ఆరింటికి యాడికి ఊళ్ళో కొళాయి వచ్చింది. నాలుగు రోజులకొకసారి వచ్చే నీళ్ళు. వనజాక్షి డ్రమ్ము నింపి, వంటకు రెండు బిందెలు పట్టి, ఆఖరున ఇంకో రెండు నింపి వాకిలి పక్కన పెట్టింది. మామూలుగా ఆ రెండు బిందెల మీదే మొగుడూ పెళ్ళాలకు రగడ జరిగేది. ఈసారి పెట్టింది ఆమె, వద్దన్నది కుళ్ళాయప్ప.

"లోపల పెట్టు. ఈ పొద్దు నేను ఆటకు పోను."

ఈ మాట అతని నోటినుంచి రావడం వింతే. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే కుళ్ళాయప్ప ఇరవై రెండేళ్ళుగా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడే ప్రతి ఆటకూ రెండు బిందెల నీళ్ళు మోసుకుపోయేవాడు. గోలు ముందు కీపర్ పడి లేచే చోట ఒక బిందె చల్లితే ఎర్రమన్ను కాస్త మెత్తబడుతుంది, మోచేతులు గీరుకుపోవు. విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి కనుక రెండో బిందె అవతలి గోలు ముందు. తన జట్టు కీపర్ ఎక్కడుంటే అక్కడే. ఎదుటి కీపర్ కోసం ఒక్క చుక్క చల్లిన పాపాన పోలేదు.

సీజను మొదలుకాకముందు ఆడే ఫ్రెండ్లీలంటే అతనికి మరీ ప్రాణం. పాయింట్లు లేని ఆటకు ఇంత సంబరమా అని ఎవరైనా నవ్వితే ఒకటే జవాబు. "పాయింట్లుంటే ఎవుడైనా వస్తాడప్పా. లెక్కలోకి రాని ఆటకు వచ్చేటోడే మనోడు."

ఈ సాయంత్రం ఆడపిల్లల ఫ్రెండ్లీ. యాడికికీ ఉరవకొండకూ. ఉరవకొండ కీపర్ ఎవరో కాదు, కుళ్ళాయప్ప ఒక్కగానొక్క కూతురు హేమ. రెండేళ్ళు సొంత ఊరి జట్టులో రెబెకా వెనక రెండో కీపర్‌గా బెంచీ మీద కూర్చుని, పోయిన నెల జట్టు మారింది. అప్పటినుంచి తండ్రి ఆమెతో ముక్తసరిగా తప్ప మాట్లాడడం లేదు.

హేమ బూట్ల సంచి భుజాన వేసుకుని వచ్చింది. "నాయనా, నాలుగింటికి ఆట. రా."

"ఏం మొగం పెట్టుకొని రావల్ల? మనం ఓడిపోయిన ఏండ్లు ఎన్ని! నేను ఎప్పుడన్నా జట్టు మార్చినానా?"

"నువ్వు అభిమానివి నాయనా. గట్టుమీద కూర్చొన్నా అభిమానివే. నేను ఆడేదాన్ని. గట్టుమీద కూర్చుంటే కీపర్ని ఎట్లయితా?"

"రెబెకా పెండ్లయి పోయేదాకా ఓర్చుకోవల్ల. జట్టంటే అంతే."

హేమకు కోపం రాలేదు. నవ్వింది. "నువ్వొచ్చినా రాకున్నా నేను గోలు పోనీను. ఆ నమ్మకం నాకుండాది. కానీ లెక్కలోకి రాని ఆటకు వచ్చేటోడే మనోడంటావు కదా! ఇది నా మొదటి ఆట. దీనికి లెక్క లేదు."

ఆమె వెళ్ళిపోయాక వనజాక్షి మొగుడికెదురుగా నిలబడింది. "ఏమయ్యా, దాని మోచేతులు ఎప్పుడన్నా చూసినావా? ఉరవకొండలో ప్రాక్టీసు చేసొచ్చిన ప్రతితూరీ నేను పసుపు పెడతాండా. ఎదుటి కీపర్‌కు నీళ్ళెందుకని ఇన్నేండ్లు వదిలేస్తివే, ఆ పిల్లోళ్ళకు యాడ గీరుకుపోయిందో వాళ్ళ అమ్మలకు తెలుసు."

కుళ్ళాయప్ప వాకిలి పక్కనున్న బిందెలకు మూతలు వెతికాడు.

నాలుగు కాకముందే మోపెడ్‌కు రెండు పక్కలా బిందెలు కట్టుకుని మైదానానికి పోయాడు. కానుగచెట్టు కింద, ప్రతి ఆటకూ తనతోపాటు కూర్చునే గురప్ప పక్కకు జరిగి చోటిచ్చాడు. కుళ్ళాయప్ప మొదటి బిందె అలవాటుగా రెబెకా ముందే చల్లాడు. ఇరవై రెండేళ్ళ పట్టుదల ఒక పూటలో పోతుందా! అవతలి గోలు ముందు మన్ను పొడిగానే ఉండిపోయింది.

హేమ రెండుసార్లు ఆ మన్ను మీద పడింది. రెండుసార్లూ బంతి ఆమె చేతుల్లోనే ఉంది. రెండోసారి లేచినప్పుడు మోచేతి మీద పసుపు, దాని మీద నెత్తురు ఇంత దూరానికి కనబడ్డాయి.

విరామంలో కుళ్ళాయప్ప రెండో బిందె భుజానికెత్తుకుని రెబెకా నిలబడబోయే గోలు వైపు నడిచాడు. మైదానం నడుమ అతని కాళ్ళు ఆగాయి. వెనక్కి తిరిగాడు.

"అన్నా, ఆ పక్క కాదన్నా!" గురప్ప కేక పెట్టాడు.

కుళ్ళాయప్ప వినలేదు. మొదటి బిందె తడి అప్పటికే ఆరిపోయిన గోలు దగ్గర, కూతురి ముందు వంగి, రాళ్ళేరి పారేసి, బిందెలో చుక్క మిగలకుండా చల్లాడు.

"గుర్తుపెట్టుకో పాపా. మా వాళ్ళు గోలు కొడితే చప్పట్లు మా వాళ్ళకే కొడతా."

"కొట్టు నాయనా. నేను కొట్టనిస్తే కదా!"

నవ్వబోయి రెబెకా గుర్తొచ్చి తల తిప్పి చూశాడు. అవతలి గోలు ముందు వనజాక్షి వంగి ఉంది. ఇంటినుంచి చంకనెత్తుకొచ్చిన వంట బిందె రెబెకా కాళ్ళ ముందు చల్లుతోంది. ఇన్నేళ్ళూ చుక్క నీటికీ కొట్లాడిన మనిషి.

ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా యాడికి పిల్ల గురి చూసి తన్నింది. హేమ గాల్లోకి ఎగిరి తడి మన్ను మీద పడింది, బంతి గుండెకు హత్తుకుని.

"పట్టె! మా పాప పట్టె!" కుళ్ళాయప్ప లేచి నిలబడి అరిచాడు. కానుగచెట్టు కింద అందరూ అతనివైపే చూశారు. అతను కళ్ళు తుడుచుకోలేదు, కూర్చోనూ లేదు.

వనజాక్షి ఖాళీ బిందె పట్టుకుని పక్కకొచ్చి నిలబడింది. "వంటకు చాలినన్ని నీళ్ళు లేవు. వచ్చేటప్పుడు తండ్రీ కూతుర్లు హోటల్లో ఏమన్నా కట్టించుకొని రాండి."